రెండు పళ్లు లేని చక్రం

పెట్రోల్ ఇంజన్ నడవాలంటే గాలి, పెట్రోల్, కరెంటు ఉంటే చాలని షెడ్డులో పనికి చేరిన కుర్రాడికి మొదట్లోనే చెప్తారు. మాట నిజమే. కానీ ఆ మూడూ ఉండి కూడా అందుకోని బండ్లు షెడ్డుకు వస్తూనే ఉంటాయి. సెల్ఫ్ కొడితే ఇంజన్ గిరగిరా తిరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. పెట్రోల్ పడాల్సిన అదనులో పడకపోతే, స్పార్క్ రావాల్సిన అదనులో రాకపోతే అవి ఉన్నా లేనట్టే.

ఆ అదను చెప్పేది బొటనవేలంత ఉండే ఒక సెన్సర్. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనో, ముందువైపు బెల్టు పుల్లీ పక్కనో ఒక్క బోల్టుతో బిగించి ఉంటుంది. దాని పేరు క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్, షెడ్డులో క్రాంక్ సెన్సర్ అంటే సరిపోతుంది. ఇప్పటి కారులో సెన్సర్లు చాలా ఉన్నాయి. వాటన్నిటిలో దీనికే పెద్దపీట వేయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే గాలి ఎంత వస్తోంది, కూలెంట్ ఎంత వేడెక్కింది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అని చెప్పే సెన్సర్లు ముఖ్యంగా పెట్రోల్ ఎంత పోయాలో తేల్చడానికి పనికొస్తాయి. ఎప్పుడు పోయాలి, ఎప్పుడు అంటించాలి అన్న ప్రశ్నలకు మూలాధారం మాత్రం ఈ సెన్సరే. కూలెంట్ సెన్సర్ పాడైతే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, తన దగ్గరున్న అంచనా విలువతో బండిని ఎలాగోలా ఇంటికి చేరుస్తుంది. క్రాంక్ సెన్సర్ మూగబోతే చాలా బండ్లలో ఇంజన్ ఉన్నపళంగా ఆగిపోతుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ గాలిని పీల్చాలి, నొక్కాలి, మండిన వాయువు తోస్తే కిందికి దిగాలి, పొగను బయటికి నెట్టాలి. ఈ నాలుగు పనులూ పూర్తయ్యేసరికి క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరుగుతుంది. ఇంజన్ లోపల జరిగే ప్రతి పనికీ ఈ 720 డిగ్రీల్లో ఒక చోటు రాసిపెట్టి ఉంది. ఇన్‌లెట్ వాల్వ్ ఫలానా డిగ్రీ దగ్గర తెరుచుకోవాలి. పిస్టన్ పైకొసకు చేరే స్థానానికి, అంటే టీడీసీకి, ఇన్ని డిగ్రీల ముందు స్పార్క్ రావాలి. ఇంజన్ లెక్కలన్నీ డిగ్రీల్లోనే ఉంటాయి.

ఈసీయూ చేతిలో ఉన్నది మాత్రం కాలం. ఇంజెక్టర్‌ని ఇన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచగలదు, ఇగ్నిషన్ కాయిల్‌కి ఇన్ని మిల్లీసెకన్లు కరెంటు ఇవ్వగలదు. డిగ్రీలను కాలంలోకి మార్చుకోనిదే దాని పని సాగదు. ఆ మార్పిడి రేటు స్థిరంగా ఉండకపోవడంలోనే చిక్కంతా ఉంది. ఐడిల్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో చుట్టుకు 75 మిల్లీసెకన్లు, ఒక్కో డిగ్రీకి సుమారు 208 మైక్రోసెకన్లు పడుతుంది. అదే 6000 ఆర్‌పీఎం దగ్గర డిగ్రీకి దక్కేది 28 మైక్రోసెకన్లే. ఈసీయూ లెక్కలో 100 మైక్రోసెకన్ల తేడా వస్తే ఐడిల్‌లో అది అర డిగ్రీ, ఎవరికీ తెలియదు. 6000 దగ్గర అదే తేడా మూడున్నర డిగ్రీలు దాటుతుంది. ఫుల్ లోడ్ మీద స్పార్క్ అంత ముందుగా వస్తే నాకింగ్ (మిశ్రమం తనంతట తాను అంటుకోవడం) మొదలవడానికి చాలు.

సెన్సర్ రాకముందు ఈ పని ఇనుప భాగాలే చేసేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతి ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు కార్లను నడిపింది. పాత అంబాసిడర్‌లోనూ, ప్రీమియర్ పద్మినిలోనూ ఉన్నది ఆ వంశమే. డిస్ట్రిబ్యూటర్ లోపల క్యామ్ తిరుగుతూ పాయింట్లను విడదీస్తుంది, విడిన క్షణాన స్పార్క్ వస్తుంది. స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరపడానికి స్ప్రింగుల మీద చిన్న బరువులుండేవి, లోడును బట్టి జరపడానికి వాక్యూమ్ డయాఫ్రం ఉండేది. మెకానిక్ ఫీలర్ గేజ్‌తో పాయింట్ల మధ్య సుమారు 0.4 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టి, డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో ఇటూ అటూ తిప్పి టైమింగ్ కుదిర్చేవాడు. చెవితో విని టైమింగ్ పెట్టగలిగిన ఆ తరం మేస్త్రీల నైపుణ్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ పాయింట్లు కాలుతాయి, రుద్దే భాగం అరుగుతుంది, ఇవాళ పెట్టిన టైమింగ్ కొన్ని వేల కిలోమీటర్లకే జారిపోతుంది. ఆ జారుడును ఏ నైపుణ్యమూ ఆపలేదు.

1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లకు వచ్చిన బాష్ డి-జెట్రానిక్ ఇంజెక్షన్ ఎలక్ట్రానిక్‌దే అయినా, పెట్రోల్ చిమ్మే అదను కోసం డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల మీదే ఆధారపడింది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐలో బాష్ మోట్రానిక్ పెట్టింది. ఇంజెక్షన్, ఇగ్నిషన్ రెండూ ఒకే పెట్టె చేతికి వచ్చాయి, ఆ పెట్టె క్రాంక్‌షాఫ్ట్ స్థానాన్ని ఫ్లైవీల్ దగ్గరి సెన్సర్ల నుంచి చదువుకుంది. మన దగ్గర ఈ మార్పు పొగ నిబంధనలతో వచ్చింది. 1999లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఢిల్లీ ప్రాంతంలో యూరో ప్రమాణాలు అమలుకావడం, కార్ల వెనక ఎంపీఎఫ్ఐ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) అన్న అక్షరాలు కనిపించడం ఒకే కాలపు సంగతులు. మోటార్‌సైకిళ్ల వంతు 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ ప్రమాణాలతో వచ్చింది.

ఇక ఆ చక్రం సంగతి. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక ఉక్కు చక్రం అంచున సమానమైన ఎడంలో పళ్లు కోసి ఉంటాయి. బాష్ వాడుకలోకి తెచ్చిన కొలతలో 60 పళ్లకు చోటుంటుంది, ఒక్కో పన్నుకు 6 డిగ్రీలు. అయితే వరసగా రెండు పళ్లను కావాలనే వదిలేస్తారు, మిగిలేవి 58. ఫోర్డ్ ఇంజన్లు చాలావాటిలో 36 పళ్లకు ఒకటి తీసేసి ఉంటుంది. పళ్లన్నీ ఒకేలా ఉంటే ఈసీయూకు స్పీడు తెలుస్తుంది తప్ప, ఎక్కడున్నామో తెలియదు. కళ్లు మూసుకుని జపం చేసేవారి వేలికి మేరుపూస తగలగానే ఒక చుట్టు పూర్తయిందని తెలిసినట్టు, ఆ ఖాళీ రాగానే ఈసీయూకు లెక్క మొదలుపెట్టే చోటు దొరుకుతుంది. అక్కడినుంచి ఎన్నో పన్ను దగ్గర మొదటి సిలిండర్ టీడీసీ వస్తుందన్నది దాని మెమరీలో ముందే రాసి ఉంటుంది.

ఈ ఖాళీ దగ్గర కాస్త ఆగి చూడాలి. పక్కపక్క పళ్ల మధ్య పట్టే కాలం ఒక వంతు అనుకుంటే, రెండు పళ్లు లేనిచోట మూడు వంతులు పడుతుంది. ఈసీయూ ఒక్కో పన్ను రాగానే పట్టిన కాలాన్ని దాని ముందరి కాలంతో పోల్చి చూస్తుంది. రెట్టింపు దాటి పెరిగితే అదే ఖాళీ. స్టార్టర్‌తో తిప్పుతున్నప్పుడు ఇంజన్ నిమిషానికి 200 చుట్ల దగ్గర తడబడుతూ తిరుగుతుంది. గాలిని నొక్కాల్సి వచ్చినప్పుడల్లా మందగిస్తుంది, దాటాక ఉరుకుతుంది. ఆ మందగింపును ఖాళీ అని పొరబడితే టైమింగ్ అంతా తప్పిపోతుంది. అందుకే ఒకటికి రెండు పళ్లు తీసేసి ఖాళీని కొట్టొచ్చినట్టు చేస్తారు, సాధారణంగా దాన్ని టీడీసీకి ఎన్నో డిగ్రీల ముందు, ఇంజన్ మరీ మందగించని చోట పెడతారు.

పన్నును పట్టుకునే సెన్సర్లు ముఖ్యంగా రెండు రకాలు. పాతది ఇండక్టివ్ రకం. ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట, అంతే. ఉక్కు పన్ను దగ్గరికొచ్చి దూరమైనప్పుడు అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో వోల్టేజ్ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. బయటినుంచి కరెంటు అక్కర్లేదు, వేడినీ తట్టుకుంటుంది. లోపం ఏమిటంటే వోల్టేజ్ వేగంతో పాటు మారుతుంది. ఇంజన్ జోరు మీదున్నప్పుడు పదుల వోల్టులొచ్చే చుట్టలో స్టార్టర్ తిప్పేటప్పుడు ఒక వోల్టు కూడా రాకపోవచ్చు. బ్యాటరీ నీరసించి ఇంజన్ మెల్లగా తిరిగితే, లేదా సెన్సర్ కొసకూ పళ్లకూ మధ్య ఉండాల్సిన సుమారు మిల్లీమీటర్ గ్యాప్ పెరిగితే, ఆ కాస్తా ఈసీయూకు వినపడదు. రెండోది హాల్ సెన్సర్. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ విద్యార్థి గమనించిన ధర్మం మీద పనిచేస్తుంది. దీనికి మూడు వైర్లుంటాయి, సప్లై ఇస్తేనే పలుకుతుంది. పన్ను ఉందా లేదా అని రెండే మాటల్లో, ఎంత మెల్లగా తిరిగినా ఒకే ఎత్తున్న సిగ్నల్ ఇస్తుంది. ఇప్పటి బండ్లు ఎక్కువగా దీనివైపే వెళ్లాయి. సిగ్నల్ దగ్గర ఆగిన కారు తనంతట తానే ఇంజన్ ఆపుకునే ఏర్పాటు వచ్చాక, తిరిగే దిక్కు కూడా చెప్పగల రకాలు వచ్చాయి. ఆగే ముందు ఇంజన్ కొంచెం వెనక్కి ఊగుతుంది. ఆ ఊగును ముందుకు తిరిగినట్టు లెక్కేస్తే మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు స్థానం తప్పుతుంది.

ఇక్కడినుంచి ఈసీయూ చేసే పని నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. పళ్లు ఆరేసి డిగ్రీలకు ఒకటి ఉంటే, స్పార్క్ డిగ్రీలో భాగాల దాకా కచ్చితంగా ఎలా వస్తుంది? ఇంజన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంది, టీడీసీకి 21.5 డిగ్రీల ముందు స్పార్క్ కావాలి, 24 డిగ్రీల దగ్గర ఒక పన్ను పడుతుందనుకుందాం. ఆ పన్ను రాగానే ఈసీయూ చూసేది దాని ముందరి 6 డిగ్రీలకు ఎంత పట్టిందని. 333 మైక్రోసెకన్లు. ఇంకా పోవాల్సినవి రెండున్నర డిగ్రీలు, అంటే 139 మైక్రోసెకన్లు. టైమర్ అంతకు పెట్టి, అది అయిపోగానే కాయిల్ కరెంటు తెంచుతుంది. తెంచగానే ప్లగ్ దగ్గర నిప్పు దూకుతుంది. అంటే స్పార్క్ సమయంలో పిస్టన్ ఎక్కడుందో ఈసీయూకు నేరుగా తెలియదు. కిందటి పన్ను దగ్గర ఎక్కడుందో తెలుసు, అదే వేగంతో వస్తుందని లెక్క కడుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కిన క్షణంలో ఆ లెక్క కాస్త తప్పుతుంది. పళ్లు ఎక్కువ ఉంటే తప్పు సరిదిద్దుకునే అవకాశం అంత తొందరగా వస్తుంది.

కరెంటు తెంచడం సరే, ఇవ్వడం ఇంకా ముందునుంచీ జరగాలి. కాయిల్ నిండడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు కావాలనుకుంటే, ఐడిల్‌లో అది 14 డిగ్రీల పని. 6000 ఆర్‌పీఎం దగ్గర అదే 108 డిగ్రీలు. టీడీసీకి 30 డిగ్రీల ముందు స్పార్క్ రావాలంటే 138 డిగ్రీల ముందే కరెంటు మొదలవ్వాలి. అప్పటికి పిస్టన్ అడుగునుంచి బయల్దేరి కొద్ది దూరమే వచ్చి ఉంటుంది.

అసలు ముందెందుకు అంటించాలి? మిశ్రమం ఒక్కసారిగా పేలదు. ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా పాకడానికి కొంత కాలం పడుతుంది. టీడీసీ దాటిన 10, 15 డిగ్రీల దగ్గర ఒత్తిడి గరిష్ఠానికి చేరితే పిస్టన్ మీద తోపు పూర్తిగా పనికొస్తుంది. వేగం పెరిగేకొద్దీ అదే కాలంలో క్రాంక్ ఎక్కువ డిగ్రీలు తిరిగేస్తుంది కాబట్టి స్పార్క్ ఇంకా ముందుకు జరగాలి. మరీ ముందైతే పైకొస్తున్న పిస్టన్‌కి మంటే ఎదురవుతుంది, మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకుని నాకింగ్ వస్తుంది. ఆలస్యమైతే పికప్ పోతుంది, వేడంతా సైలెన్సర్ వైపు పోతుంది. నాకింగ్‌ను వినడానికి ఇంజన్ బ్లాక్ మీద ఇంకో సెన్సర్ ఉంటుంది. వాల్వుల చప్పుడునీ ఇంజెక్టర్ల టకటకనూ నాకింగ్ అనుకోకుండా ఉండటానికి ఈసీయూ దాని మాటను టీడీసీ దాటిన కొన్ని పదుల డిగ్రీల కిటికీలోనే పట్టించుకుంటుంది. ఆ కిటికీ ఎప్పుడు తెరవాలో చెప్పేదీ క్రాంక్ సెన్సరే. నాక్ ఏ డిగ్రీల దగ్గర వినపడిందో చూసి ఏ సిలిండర్‌దో పట్టుకుని, ఆ ఒక్కదానికే స్పార్క్ వెనక్కి జరుపుతుంది.

క్రాంక్ సెన్సర్‌కు తెలియనిది ఒకటుంది. రెండు చుట్లలో పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి గాలిని నొక్కుతూ, ఒకసారి పొగను నెడుతూ. రెండుసార్లూ చక్రం ఒకేలా కనిపిస్తుంది. ఆ తేడా చెప్పడానికి క్యామ్ సెన్సర్ ఉంది. రెండు చుట్లకు ఒక్కసారే తిరిగే క్యామ్‌షాఫ్ట్ మీద పొడుగూ పొట్టీ గుర్తులు పెట్టి, ఇది ఏ చుట్టో తేల్చుకుంటారు. అది లేని ఇంజన్లు రెండు చుట్లలోనూ స్పార్క్ ఇచ్చేస్తాయి. పొగ నెట్టేటప్పుడు వచ్చిన స్పార్క్ వృథా పోతుంది, నష్టమేమీ లేదు. సీడీఐ ఇగ్నిషన్ కాలపు బైకుల్లో మాగ్నెట్ మీది ఒక్క ఉబ్బు, దాని పక్కన పల్సర్ కాయిల్ ఈ పద్ధతిలోనే నడిచాయి. ఇప్పటి సింగిల్ సిలిండర్ ఇంజెక్షన్ బైకుల్లోనూ చాలావాటికి క్యామ్ సెన్సర్ ఉండదు. పీల్చే స్ట్రోకులో ఇన్‌టేక్ పైపులో ఒత్తిడి పడిపోవడాన్ని మ్యాప్ సెన్సర్‌తో చూసి ఏ చుట్టో పట్టుకుంటాయి. చక్కటి పొదుపు.

పెట్రోల్ చిమ్మడం విషయంలో ఎంపీఎఫ్ఐ కొంత ఓర్పు గలది. ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకునే ముందే దాని వేడి వీపు మీద చిమ్మితే పెట్రోల్ బాగా ఆవిరవుతుంది. కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా ఇంజన్ ఆగదు. కాకపోతే ఇంజెక్టర్ మాట వినగానే తెరుచుకోదు, సుమారు మిల్లీసెకన్ ఆలస్యం ఉంటుంది, బ్యాటరీ వోల్టేజ్ తగ్గితే ఇంకా పెరుగుతుంది. దాన్నీ డిగ్రీల్లోకి మార్చి లెక్కలో కలుపుకోవాలి. నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే ఇంజన్లకు అంత ఓర్పు లేదు, తప్పు క్షణాన చిమ్మితే పెట్రోల్ పిస్టన్ మీద పడి మసి కడుతుంది. కామన్ రైల్ డీజిల్‌లో స్పార్కే లేదు కాబట్టి ఇంజెక్షన్ మొదలయ్యే క్షణమే మంటకూ ముహూర్తం.

ఇదే పళ్ల చక్రంతో మిస్సింగ్ కూడా పట్టుకోవచ్చు. ఒక సిలిండర్ మండకపోతే దాని వంతు తోపు అందక ఆ కొద్ది డిగ్రీల్లో క్రాంక్ కాస్త మందగిస్తుంది, పళ్ల మధ్య కాలం పిసరంత సాగుతుంది. అది పదేపదే జరిగితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని కాల్చేస్తుంది కాబట్టి ఆ లైటును తేలిగ్గా తీసుకోకూడదు.

క్రాంక్ సెన్సర్ చెడిపోయే తీరు వల్లే మెకానిక్‌లు తికమకపడతారు, యజమానులు నష్టపోతారు. విజయవాడ ఆటోనగర్‌లో మే నెల మధ్యాహ్నాన్ని ఊహించుకోండి. ఇంజన్ బాగా కాగాక ఇండక్టివ్ సెన్సర్ లోపలి సన్నటి తీగ ఎక్కడో విడిపోతుంది, బండి ఆగుతుంది. గంట సేపు నీడలో పెడితే తీగ మళ్లీ కలుసుకుంటుంది, బండి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకు చేరేసరికి లోపమే కనిపించదు. ఒకవేళ అక్కడే ఆగిపోతే మెకానిక్ ప్లగ్ చూస్తాడు, స్పార్క్ లేదు. ఫ్యూయల్ పంపు వింటాడు, మోతలేదు. పంపు పోయిందని మార్చేస్తాడు, లేదా కాయిల్ మార్చేస్తాడు. నిజానికి ఇంజన్ తిరగడం లేదనిపిస్తే పంపును ఆపేయడం చాలా బండ్ల ఈసీయూలకు నేర్పిన జాగ్రత్త. ప్రమాదంలో ఇంజన్ ఆగాక కూడా పంపు పెట్రోల్ తోస్తూ ఉంటే మంటలు చెలరేగుతాయి. క్రాంక్ సిగ్నల్ లేకపోతే స్పార్క్, ఇంజెక్షన్, పంపు మూడూ ఒకేసారి ఆగుతాయి. మూడూ ఒకేసారి చెడిపోవడం అరుదు. కాబట్టి మూడూ కలిసి ఆగితే ముందు చూడాల్సింది ఈ సెన్సర్‌నే.

చూడటం కష్టమేమీ కాదు. స్కానర్ పెట్టి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ఎంత చూపిస్తోందో గమనించాలి. ఇంజన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే సిగ్నల్ రావడం లేదు. పీ0335 క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ కోడ్, పీ0340 క్యామ్‌ది. పీ0016 వస్తే క్రాంక్, క్యామ్ లెక్కలు పొసగడం లేదని, అప్పుడు సెన్సర్ కంటే ముందు సాగిన టైమింగ్ చెయిన్‌ను అనుమానించాలి. ఇండక్టివ్ సెన్సర్ కొస అయస్కాంతం కాబట్టి ఇనుప రజను అంటుకుని ఉంటుంది, గుడ్డతో తుడిచినా కొన్నిసార్లు బాగవుతుంది. దాని రెండు వైర్లు తారుమారైతే బండి స్టార్టయినా, పన్ను నడుమ దొరకాల్సిన గుర్తు ఇంకోచోట దొరికి టైమింగ్ వేగంతో పాటు జారుతుంది. హాల్ సెన్సర్‌ను మాత్రం ఓమ్ మీటర్‌తో కొలిచి తీర్పు చెప్పకూడదు, సప్లై, ఎర్త్, సిగ్నల్ మూడూ కనెక్టర్ దగ్గర చూడాలి.

సెన్సరో ఫ్లైవీలో మార్చాక కొన్ని కార్లలో ఇంకో పని మిగులుతుంది. ఏ చక్రమూ పన్ను పన్నుకూ అచ్చంగా 6 డిగ్రీలు ఉండేలా కోయలేరు. ఆ చిన్న చిన్న తేడాలను ఈసీయూ నేర్చుకుని గుర్తుపెట్టుకుంటుంది, లేకపోతే వాటినే మిస్సింగ్ అనుకుంటుంది. కొత్త భాగం వేశాక స్కానర్‌తో ఆ పాఠం మళ్లీ చెప్పించాలి. చెప్పించకుండా తాళం చేతికిస్తే, ఇంజన్ ఏ లోపం లేకుండా నడుస్తున్నా నాలుగు రోజుల్లో చెక్ లైటుతో అదే బండి తిరిగొస్తుంది, ఈసారి బాగున్న ప్లగ్‌లూ కాయిల్‌లూ మారుస్తారు.